ఆయ్ అన్నందుకు

బహుళ పంచమి

పొద్దున్నే చెవి కడిగాను. గట్టు మీద ఇనప స్తంభం, దాని నెత్తిన గంగాళమంత గిన్నె, గిన్నె నిండా సన్న చిల్లులు. అదే ప్రభుత్వం వారి చెవి. ఉప్పు పట్టి చిల్లులు పూడిపోతే రాజధానికి మా మాట వినిపించదు, వినిపించని లంకకి నోరు లేనట్టే లెక్క అని ఉద్యోగం ఇచ్చిన రోజున చెప్పారు. అందుకని తాగడానికి చాలకపోయినా ఓ బిందె మంచినీళ్ళు దానికే పోస్తాను. నా ముఖానికి మాత్రం ఉప్పునీళ్ళే. ఇలాంటి సంగతులన్నీ రోజూ ఈ చిట్టాలో రాయాలని రూలు. సన్నలంక చెవి కాపరిని, మల్లాడి నూకరత్నాన్ని, నాకు తోచినట్టే రాస్తాను.

కడగడం అయ్యాక భూలక్ష్మిని వైర్‌లెస్‌లో పిలిచాను. పాయకి అవతల దొడ్డిపాలెం చెవికి ఆవిడ కాపరి. వరసకి వదిన, కబుర్లకి నా జోడీ.

"వదినా, ఉన్నావా?"

"ఆయ్."

మా పొద్దు మొదలయ్యేది ఈ రెండు మాటలతోనే.

"కూరేటి ఇయ్యాల?"

"ఏం కూరలే, పోటొచ్చి వంగతోటంతా ఉప్పైపోతేను. ఎండు మెత్తళ్ళు ఏపి పడేసేను. అన్నట్టు, స్థానిక గళాల ఫలితం రేపిచ్చేత్తారంట, ఇన్నావా?"

నవ్వొచ్చింది. నోరు అంటే పోయేదానికి రాజధానిలో గళం అంటారు. వచ్చే అమావాస్య పోటు రేవుపట్నం గోడ దాటిపోతుందని అక్కడివాళ్ళు తేల్చారు. దాటకూడదంటే ముందే ఏదో ఒక లంక గట్టు తెగ్గొట్టి సముద్రాన్ని అందులోకి వదిలెయ్యాలి. ఏ లంక అన్నది ఆ లంకవాళ్ళ నోటనే చెప్పించాలట. దీనికి నీటి వంతు విధానం అని పేరు పెట్టి, పోయిన వారం చెవి ద్వారా మా లంకవాళ్ళందరికీ అది వినిపించారు.

"మనకేం భయం వదినా. ఒప్పుకుంటేగా ముంచేది" అన్నాను.

బహుళ షష్ఠి

ఒప్పుకున్నామట.

"సన్నలంక వాసులు తమ వంతు నీటిని ఏకగ్రీవంగా స్వీకరించారు. అమావాస్య పోటుకు ముందు గట్టు తొలగించబడును." నేనే జనానికి చదివి వినిపించాను. చదువుతుంటేనే కొలతలవాళ్ళ పడవ వచ్చింది. గండి కొట్టేచోట ఎర్రజెండా పాతారు. అది మా వంటింటి గోడ వెనకాలే. మా ఇంటాయన పడవ వేటకి వెళ్ళి తిరిగి రానప్పుడు, ఏడవడానికి కూడా పొద్దు లేకుండా నా నెత్తిన ఇటుకలు మోసి కట్టుకున్న ఇల్లది.

"ఎవడు ఒప్పుకున్నాడెహె?" అని మా మరిది లోవరాజు నామీద పడ్డాడు. "కాపరివి నువ్వే గదా వొదినా. మేవేటన్నామో నీకు తెలీదా?"

అందరూ వినేట్టు చెవిలో దాచిన మాటలు తిప్పి వినిపించాను. ముందు ప్రభుత్వం గొంతు, తేనె పూసినట్టు. రాష్ట్ర శ్రేయస్సు, త్యాగం, సన్నలంక తన వంతు నీటిని స్వీకరించడం. ఒక్కో ముక్క దగ్గరా కింద నుంచి మా వాళ్ళ గొంతులు.

"ఆయ్."

"ఆయ్."

"ఆయ్ అండి."

చివరి గొంతు చిట్టెయ్య తాతది, అన్నిటికన్నా గట్టిగా.

ఈ చిట్టా రాజధానిలో ఎవరైనా చదివితే తెలుసుకోండి. మా వైపు ఆయ్ అంటే అవునని కాదు. వింటున్నాను, చెప్పండి అని. ఎదటి మనిషి అంతసేపు మాట్లాడుతుంటే రాయిలా కూర్చోవడం మర్యాద కాదని మధ్య మధ్య ఆయ్ అంటాం. తిట్టినా ఆయ్ అంటాం. అల్లుడొచ్చి మీ పిల్లని ఏలుకోను అన్నా ముందు ఆయ్ అని, ఆ తర్వాత కర్ర తీస్తాం.

చిట్టెయ్య తాత తల గోక్కున్నాడు. "మరి బాబుగారు అంతసేపు చెప్తుంటే, పలక్కుండా ఎలాగుంటావండి?"

లోవరాజు ఆయన్ని కొట్టాడు. పెద్దవాడన్న ఆలోచన లేకుండా, గుప్పిట బిగించి మూతి మీద కొట్టాడు. తాత ఉమ్మితే పన్ను పడింది. తర్వాత లోవరాజు గొడ్డలి పట్టుకుని స్తంభం మీదికి వెళ్ళాడు. అడ్డుపడ్డాను. చెవిని విరిస్తే కాదని చెప్పుకోవడానికి ఇంకేం మిగులుతుందని అరిచాను. గొడ్డలి కామ నా భుజానికి తగిలింది. ఇది రాస్తుంటే ఆ చెయ్యి పైకి లేవడం లేదు.

బహుళ నవమి

ఫిర్యాదు పంపితే వినికిడి అధికారి వచ్చాడు. పరాంకుశం గారు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట, వెనక తుపాకులతో గట్టు దళం. చెవి కింద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"ఆయ్ అంటే అంగీకారమని యంత్రానికి నేర్పింది మేము కాదమ్మా. మీ జిల్లా సంభాషణల నుంచే నేర్చుకుంది" అన్నాడు.

"ఆ సంభాషణల్లో మర్యాద కూడా ఉంటది గదండి. అదెందుకు నేర్చుకోలేదు?" అన్నాను.

"మర్యాదకి మా దగ్గర గడి లేదు."

దొంగ మాట కాదు, నిజంగానే చెప్పాడు. అందుకే ఇంకా మండింది. నాకు మండితే మాటలతో పోతుంది, లోవరాజుకి అలా కాదు. వాడూ వాడి జట్టూ వంటింటి వెనక జెండా పీకి, దాని కర్రతోనే కొలతల మనిషిని బాదడం మొదలుపెట్టారు. ఆ మనిషి చెయ్యి అడ్డం పెడితే చెయ్యి విరిగిన చప్పుడు నాదాకా వినిపించింది. దళం తుపాకులు ఎత్తింది. "కదిలితే కాలుస్తాం!" అని అరిచాడు వాళ్ళ పెద్ద.

చిట్టెయ్య తాతకి వినికిడి తక్కువ. వాచిన మూతితో, తనని పిలిచారేమో అనుకుని, కండువా నడుముకి చుట్టుకుంటూ ముందుకి నడిచాడు.

"ఆయ్, ఏటండీ?" అన్నాడు.

కాల్చేశారు. ఆయన గట్టు వాలున వెల్లకిలా పడ్డాడు. కండువా ఇంకా చేతిలోనే ఉంది. ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ మీద పడితే వాళ్ళనీ తుపాకి మడమలతో కొట్టారు. నా కళ్ళెదుటే ఒక చూలాలి వీపు మీద కొట్టారు. లోవరాజు తాత దగ్గర మోకాళ్ళ మీద కూలబడి, తను కొట్టిన ఆ మూతినే తుడుస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పరాంకుశం గారి చొక్కా మీద నెత్తురు చిందింది. వెళ్ళేముందు పడవలోంచి, ద్వాదశి నాడు మరు వినికిడికి ఒప్పుకున్నాడు. ఈసారి వద్దు అని స్పష్టంగా పలకాలి. పలికిన వద్దులే లెక్క.

ఒక్క మాట రాబట్టడానికి ఒక ముసలి ప్రాణం పోయింది.

బహుళ ఏకాదశి

పగలంతా ఇంటింటికీ తిరిగాను. ఏమడిగినా ఆయ్ అనొద్దు, వద్దు అనండి అని. "ఆయ్" అన్నారందరూ. నెత్తి కొట్టుకున్నాను.

సాయంత్రం భూలక్ష్మి పిలిచింది. ముందు తాత గురించి ఏడ్చింది. ఆవిడ పెళ్ళికి డోలు కొట్టింది ఆయనే. తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"రేపు మీరు వద్దంటే తర్వాత వరస మాదే గదే నూకరత్నం."

"మరి మమ్మల్ని మునిగిపొమ్మంటావా?"

"అలాగన్నానా? మావోళ్ళు పడవలు సిద్ధం చేత్తన్నారు. కర్రలూ గునపాలూ ఎక్కిత్తన్నారు. నే చెప్పినా ఇనట్లేదు. నీకు చెప్పకపోతే పాపం తగుల్తాదని చెప్తన్నాను."

"రానీ వదినా. ఇక్కడా కర్రలున్నాయి" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో. ముంచుతామన్నవాళ్ళు రాజధానిలో ఉన్నారు, నా కోపమంతా పాయ అవతలి మీదికి పోయింది.

ఉంటానని చెప్పకుండానే ఆవిడ వైర్‌లెస్ కట్టేసింది. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ చెయ్యలేదు.

బహుళ ద్వాదశి

జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

పోటు ఎక్కుతుండగా జనం చెవి కింద చేరారు. దళం తాడు కట్టి తాడు బయట నిలబడింది. చెవి తన తేనె గొంతుతో ప్రశ్న చదవడం మొదలుపెట్టేసరికి దొడ్డిపాలెం పడవలు గట్టుకి కొట్టుకున్నాయి. సరుగుడు కర్రలు, కొబ్బరికాయలు వలిచే గునపాలు, కత్తులు. దిగినవాళ్ళలో సగంమంది మా వాళ్ళకి చుట్టాలే.

"ఆపండి బాబూ!" అని దళం పెద్దని బతిమాలాను.

"వినికిడి నడుస్తోంది. మేము కల్పించుకుంటే ఫలితం చెల్లదు" అన్నాడు.

ప్రశ్న అయిపోయింది. ముందు వరసలో ఒకడు వద్దు అనబోయాడు. వ అన్న అక్షరం దగ్గరే సరుగుడు కర్ర వాడి పళ్ళ మీద పడింది. ఇక ఆ తర్వాత ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పలేను. మేనమామ మేనల్లుణ్ణి తొక్కడం చూశాను. ఒకావిడ జుట్టు పట్టి బురదలో ఈడుస్తుంటే ఆవిడ చేతికందిన చేపల కత్తితో ఈడ్చేవాడి పిక్క కోసింది. గునపం ఒకడి పాదంలోంచి దిగి నేలలో గుచ్చుకుంది, వాడు అక్కడే పాతినట్టు నిలబడి అరిచాడు. లోవరాజు ఇద్దర్ని పడగొట్టాడు. మూడోవాడు వాడి కడుపులో కత్తి దింపాడు.

దెబ్బ తినే ప్రతి మనిషి నోటా ఒకటే మాట. వద్దు, వద్దు బాబూ, కొట్టొద్దు, అమ్మా వద్దు. మా వాళ్ళూ అదే, వాళ్ళ వాళ్ళూ అదే.

స్తంభం నెత్తిన గిన్నెలో, మాట లెక్కకెక్కినప్పుడల్లా వెలిగే పచ్చదీపం టపటపా కొట్టుకుంటోంది. దానికి ఇన్ని వద్దులు ఎప్పుడూ దొరకలేదు.

అప్పుడెవరో చెవి నిచ్చెన ఎక్కడం కనిపించింది. దాన్ని విరగ్గొట్టేస్తారనుకున్నాను. విరిగితే వినికిడి రద్దయి మొదటి ఆయ్ నిలబడుతుంది. గిన్నె తిప్పే ఇనప పిడి అందుకుని, ఉన్న బలమంతా పెట్టి మెడ మీద కొట్టాను. ఆ మనిషి నిచ్చెన మీంచి జారి నా కాళ్ళ దగ్గర పడింది.

భూలక్ష్మి. రెండు చేతులతో గొంతు పట్టుకుని, నోరు తెరిచి, గాలి కోసం కొట్టుకుంటోంది. చేతిలో కర్ర లేదు. అందరూ చచ్చిపోతున్నారని చెవి ఆపడానికి ఎక్కింది. ఆపే మీట ఎక్కడుందో కాపరికే కదా తెలిసేది.

బహుళ త్రయోదశి

లోవరాజు పొద్దుటే పోయాడు. నీళ్ళడిగాడు. కడుపులో కత్తి దిగినవాడికి నీళ్ళియ్యకూడదన్నారు. ఇవ్వలేదు. పోయేవాడికి గుక్కెడు నీళ్ళు పొయ్యని చేతులివి, ఏం చేసుకోను వీటిని.

మధ్యాహ్నం పరాంకుశం గారు వైర్‌లెస్‌లో ఫలితం చెప్పాడు. సన్నలంక వద్దంది. లంకలో ఉన్న జనంకన్నా ఎక్కువ గొంతులు వద్దన్నాయట.

"దెబ్బలు తింటా వద్దు వద్దని ఏడిసినోళ్ళని కూడా లెక్కేశారాండి?"

"స్పష్టంగానే పలికారు కదమ్మా."

వంతు ఇప్పుడు దొడ్డిపాలేనికి మారింది. అయితే నిన్నటి గలాటా దృష్ట్యా గుంపు మాటలు ఇక చెల్లవు. లంకకి ఒక్క గొంతు, కాపరి గొంతు. చెవికి గుర్తున్న గొంతులు అవే. దొడ్డిపాలెం కాపరి మాట్లాడలేని స్థితిలో ఉంది గనక, పక్క లంక కాపరిగా ఆవిడ బదులు నేను పలకాలి. వద్దంటే వంతు తిరిగి సన్నలంకకే వస్తుంది. పలక్కపోయినా అంతే. ఈసారి అడగడం ఉండదు, తెగ్గొట్టడమే.

"ఇంకెవరినన్నా పంపండి" అన్నాను.

"విధానం అలా ఉందమ్మా."

వంటింట్లోకి వెళ్ళి గోడకి వీపు ఆన్చి కూర్చున్నాను. అవతల ఎర్రజెండా గాలికి కొట్టుకుంటోంది. దాన్ని మళ్ళీ పాతారు.

బహుళ చతుర్దశి

దొడ్డిపాలెం గట్టు మీద నన్ను దింపితే రాళ్ళు పడ్డాయి. ఒకటి కనుబొమ్మ మీద తగిలి నెత్తురు కంట్లోకి కారింది. దళం మధ్యన నడిపించుకుంటూ చెవి దాకా తీసుకెళ్ళారు.

భూలక్ష్మి అక్కడే కూర్చుని ఉంది. మెడకి పసుపు గుడ్డ, గుడ్డ పైనా కిందా నల్లగా కమిలిన చర్మం. ఆవిడ గొంతు ఇక రాదని వైద్యం చేసే ఆచారి చెప్పేశాడట. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు. తిప్పుకుంటే బాగుండేది.

ఆవిడ మావగారు నా ఎదుటికి వచ్చాడు. మొన్న మా గట్టు మీద ఈయన చిన్నకొడుకు, భూలక్ష్మి మరిది కూడా చచ్చాడు. కొడతాడనుకున్నాను. చేతులు జోడించాడు.

"అమ్మా, మా లంక మీ నోట్లో ఉంది."

వెనకనుంచి ఎవడో అరిచాడు. "వద్దను! లేపోతే ఇక్కడే పీక కోత్తాను!" దళం వాణ్ణి మడమలతో నేలకి కొట్టింది.

చెవి ప్రశ్న మొదలుపెట్టింది. భూలక్ష్మి నా చెయ్యి అందుకుని తన మెడ మీద, ఆ పసుపు గుడ్డ మీద ఆనించుకుంది. లోపల ఏదో విరిగినది నా వేళ్ళ కింద కదిలింది. వద్దు అనాలనే వెళ్ళాను. అమ్మతోడు, ఆ మాట పెదాల దాకా వచ్చింది. అంతలో నా ఇల్లు గుర్తొచ్చింది. లోవరాజు నీళ్ళడిగిన గొంతు గుర్తొచ్చింది. వాణ్ణి పొడిచినవాడు ఈ గుంపులోనే ఎక్కడో నిలబడి ఉన్నాడనీ గుర్తొచ్చింది.

"దొడ్డిపాలెం తన వంతు నీటిని స్వీకరిస్తుందా?"

భూలక్ష్మి నా చేతిని నొక్కింది. ఉన్నావా అని అడిగినట్టు.

"ఆయ్" అన్నాను.

పచ్చదీపం వెలిగింది. "స్వీకరణ నమోదైంది."

వదిన పిలిస్తే పలికాను, అలవాటుగా నోరు జారింది అని దార్లో దళం వాళ్ళకి చెప్పాను. మా లంకలో కూడా అదే చెబుతాను. ఈ చిట్టాలో మాత్రం అబద్ధం రాయను. ఆ మాటని ఆ యంత్రం ఏం చేస్తుందో ఈ రాష్ట్రంలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. తెలిసే అన్నాను.

తర్వాత జరిగినది తక్కువ మాటల్లో రాస్తాను. జనం తాడు తెంపుకుని మీద పడ్డారు. నా జుట్టు ఒక గుప్పెడు ఊడింది, రెండు వేళ్ళు వెనక్కి విరిచేశారు. దళం కాల్చింది. చేతులు జోడించిన ఆ పెద్దాయన జోడించిన చేతులతోనే పడిపోయాడు. నన్ను పడవలో పడేసి తోసుకొచ్చేశారు.

అమావాస్య

చెవి కడగలేదు.

పోటుకి ముందే దొడ్డిపాలెం గట్టు తెగ్గొట్టారు. మా గట్టు మీంచి చూశాం. ముందు తోటల్లోకి నురగ పాకింది. ఆ వెంటనే సముద్రమంతా ఒక్కసారి తోసుకుపోయింది. ఇళ్ళు విరిగే చప్పుడు ఇక్కడికి వినిపించింది. కాసేపటికి కొబ్బరి తలలు తప్ప ఏమీ కనిపించలేదు. మా వాళ్ళెవరూ సంబరపడలేదు. ఏడవనూ లేదు.

మిగిలినవాళ్ళు పడవల్లో మా గట్టుకే వచ్చారు. ఇంకెక్కడికి పోతారు? మా వాళ్ళు పడవలు తోసే గెడలు పట్టుకుని దిగనివ్వలేదు. ఒక పడవని గెడతో నెడితే తిరగబడింది, ఎక్కబోయిన చేతుల మీద కొట్టారు. విరిగిన వేళ్ళతోనే నేను మధ్యలోకి దిగాను. ఆ గెడ నా నడ్డి మీద పడింది. పడనీ అనుకున్నాను. ఒకరి చెయ్యి పట్టి లాగాను, ఇంకొకరిని లాగాను. కాసేపటికి గెడలు వాటంతటవే కిందికి దిగాయి. ఎందుకో తెలియదు. చేతులు నొప్పెట్టి ఉంటాయి.

ఆఖరి పడవలో భూలక్ష్మి దిగింది. తడిసిన చీర, మెడకి అదే పసుపు గుడ్డ, చంకలో ఖాళీ బిందె. ఎవరినీ దారి అడగలేదు. తిన్నగా నడిచి మా వంటింటి గుమ్మం ముందుకి వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళూ పొద్దున్నే అడిగే మాటే నోట్లోంచి వచ్చింది.

"వదినా, ఉన్నావా?"

ఆవిడ పెదాలు కదిలాయి. చప్పుడు లేదు. అయినా ఆ మాట నాకు తెలియకుండా ఎలా ఉంటుంది?

ఆయ్ అంది.

వింటున్నాను చెప్పు అనే ఆయ్‌యో, కర్ర తీసే ముందు అనే ఆయ్‌యో తెలుసుకోలేకపోయాను. తలుపు పూర్తిగా తీసి, ఆవిడ లోపలికి రావడానికి పక్కకి జరిగాను.